ఇచ్చిన అక్షరాలన్నీ ఉన్న పెద్ద ఇంగ్లీషు పదం: ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుంది?

అలిపిరి టోల్‌గేటు దగ్గర బండ్లు వరసగా ఆగినప్పుడు పిల్లలతో ఆడదగ్గ మంచి ఆట ఒకటుంది. ముందున్న బండ్ల నంబర్ ప్లేట్లు చూడమనాలి. కోలారు, పలమనేరు మీదుగా వచ్చిన కర్ణాటక బండ్లు, తిరుత్తణి, పుత్తూరు మీదుగా వచ్చిన తమిళనాడు బండ్లు, వాటి మధ్యలో మనవి. ఏపీ, కేఏ, టీఎన్. ఈ ఆరు అక్షరాలూ ఉన్న ఇంగ్లీషు పదం ఒక్కటి చెప్పాలి. వేరే అక్షరాలు ఎన్ని కలిసినా పరవాలేదు, వరస తారుమారైనా పరవాలేదు. కానీ ఆరూ ఉండాలి. అంటే ‘ఏ’ అక్షరం రెండుసార్లు రావాలి.

అలాంటి పదాలు ఉన్నాయి. వాటిని పట్టుకునే దారులు కూడా చాలానే ఉన్నాయి: బుర్రతో, వెబ్‌సైట్లతో, ఎక్సెల్‌తో, కంప్యూటర్ కమాండ్లతో, ఈమధ్య చాట్‌బాట్లతో. పిల్లలకు స్పెల్లింగు నేర్పే అమ్మానాన్నలకు, వర్క్‌షీట్లు తయారుచేసే టీచర్లకు, ఇంట్లో స్క్రాబుల్ (అక్షరాల బిళ్లలతో పదాలు కూర్చే బోర్డు ఆట) ఆడేవాళ్లకు ఒకే దారి సరిపోదు. ఎవరికి ఏది సరిపోతుందో నాకు తోచింది చెబుతాను. పక్కన పెన్ను, కాగితం పెట్టుకుని, పదం వచ్చినప్పుడల్లా స్పెల్లింగు రాసుకుంటూ చదవండి. అక్షరాలు కళ్లముందు ఉంటేనే తేడాలు తెలుస్తాయి.

ముందు ప్రశ్న ఏదో తేల్చుకోవాలి

వెతికినవాళ్లకు తప్పు జవాబులు రావడానికి పెద్ద కారణం సైటు బాగుండకపోవడం కాదు. మనం అడిగేది ఒకటి, ఆ సైటు జవాబిచ్చేది వేరొకటి. పైకి అన్నీ ‘ఈ అక్షరాలతో పదాలు’ అనే కనిపిస్తాయి, లోపల మాత్రం నాలుగు వేర్వేరు ప్రశ్నలు.

ఒకటి, ఇచ్చిన అక్షరాలతోనే చిన్న పదాలు కూర్చడం. కేంద్ర ఉద్యోగాల ఎస్ఎస్‌సీ పరీక్షల రీజనింగ్‌లో ‘ఈ పదంలోని అక్షరాలతో కింది వాటిలో ఏ పదం ఏర్పడదు’ అని అడుగుతారే, అదే ఇది. కోచింగ్‌కు వెళ్లే పిల్లలకు బాగా అలవాటు. అన్‌స్క్రాంబ్లర్, అనగ్రామ్ సాల్వర్ అనే పేర్లతో ఉండే సైట్లు చేసేది ఈ పనే. మన ఆరు అక్షరాలూ అక్కడ కొడితే ట్యాంక్, ప్యాంట్ లాంటివి ఇస్తాయి. ఆరు అక్షరాలను మించిన పదం ఒక్కటీ ఇవ్వవు. పెద్ద పదం కావాలనుకునేవాళ్లలో చాలామంది వచ్చి పడేది ఇక్కడే.

రెండోది, అక్షరాలు విడిపోకుండా పక్కపక్కనే ఉండటం. కే-ఏ-టీ అంటే స్కేటింగ్ వస్తుంది. చాలా సైట్లలో ‘కంటెయినింగ్’ అనే గడికి అర్థం ఇదే. మన ఆరు అక్షరాలూ అందులో కొడితే ఏమీ రాదు, అది చూసి అలాంటి పదమే లేదనుకుంటాం.

మూడోది, వరస తప్పకూడదు గానీ మధ్యలో ఖాళీలు ఉండొచ్చు. కే-టీ-ఎన్ ఇస్తే కిచెన్, కిట్టెన్ రెండూ సరిపోతాయి. బ్లాంకెట్ సరిపోదు, అందులో ఎన్ ముందొచ్చేస్తుంది.

నాలుగోది మనది. ఏ వరసలోనైనా, ఎంత దూరంలోనైనా, అన్నీ ఉండాలి, పదం పెద్దదవ్వాలి. ఇందులో బ్లాంకెట్ కూడా చెల్లుతుంది.

వీటన్నిటి మీద ఇంకో మెలిక ఉంది: ఒకే అక్షరం రెండుసార్లు ఇస్తే రెండుసార్లూ ఉండాలా, ఒకసారి ఉంటే చాలా? మన ప్లేట్ల ఆటలో ప్లాంక్టన్ అని ఎవరైనా చెబితే పీ, కే, టీ, ఎన్ అన్నీ ఉంటాయి, ‘ఏ’ అక్షరం మాత్రం ఒక్కటే. ఒకటి చాలంటే గెలిచినట్టు, రెండు కావాలంటే ఓడినట్టు. ఇది ఆటకు ముందే తేల్చుకోవాలి. సైటు వాడేటప్పుడు కూడా అది రెండిటిని లెక్కపెడుతుందో లేదో ఒక తెలిసిన పదంతో పరీక్షించి చూడాలి. దీనికి మన రైల్వే స్టేషన్ కోడే మంచి ఉదాహరణ. తిరుపతి కోడ్ టీ-పీ-టీ-వై. ప్రాపర్టీ అనే పదంలో టీ ఒక్కటే, కాబట్టి చెల్లదు. ఆపర్చునిటీ, హాస్పిటాలిటీ, ప్రోటోటైప్, టైపిస్ట్ చెల్లుతాయి. సైటు ప్రాపర్టీని కూడా ఇచ్చిందంటే అది రెండో టీని పట్టించుకోలేదని అర్థం.

బుర్రతో వెతకడం

పిల్లలకు నేర్పడమే మీ ఉద్దేశమైతే నేను మొదట చెప్పేది ఇదే. ఇందులో గుడ్డిగా ఆలోచించడం ఉండదు, ఒక పద్ధతి ఉంది.

అరుదైన అక్షరాన్ని ముందు పట్టుకోవాలి. ఏది అరుదో స్క్రాబుల్ డబ్బాయే చెబుతుంది. ఆ ఆటను తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్ 1930లలో వార్తాపత్రికల మొదటి పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి బిళ్లల సంఖ్య తేల్చాడు. మొత్తం 100 బిళ్లల్లో ‘ఈ’ అక్షరానివి 12, ‘ఏ’, ‘ఐ’ చెరి 9, ఎన్, ఆర్, టీ తలా 6. పీ 2 మాత్రమే. జే, కే, క్యూ, ఎక్స్, జెడ్ ఒక్కొక్కటే. కాబట్టి మన ఆరింటిలో కే నుంచి మొదలుపెట్టాలి. ఏ, టీ, ఎన్ ఎలాగూ ఎక్కడైనా దొరుకుతాయి.

తర్వాత చూడాల్సింది పదం చివర. ఎన్ ఉంది కాబట్టి దాన్ని ‘ఇంగ్’లోకి పంపేయొచ్చు. కే ఉన్న మామూలు క్రియలు తలుచుకుంటే టేక్ తగులుతుంది. టేకింగ్ అనగానే టీ, ఏ, కే, ఎన్ నాలుగూ వచ్చేశాయి. మిగిలింది పీ, ఇంకో ఏ. అవి రెండూ ఉన్న చిన్న ముక్క ఏదైనా టేకింగ్ ముందు అతుకుతుందా? పార్ట్ అనుకుంటే పార్టేకింగ్, తొమ్మిది అక్షరాలు. పెయిన్స్ అనుకుంటే పెయిన్స్‌టేకింగ్, పదకొండు అక్షరాలు. మూడు రాష్ట్రాలూ ఒకే పదంలోకి వచ్చేశాయి!

ఇంకో వైపు నుంచి కూడా రావొచ్చు. కే మొదట్లో ఉన్న పదాలు ఇంగ్లీషులో తక్కువ. క్లెప్టో అనే ముక్క గుర్తొస్తే క్లెప్టోమేనియా దొరుకుతుంది, చివర సీ చేరిస్తే క్లెప్టోమేనియాక్, పన్నెండు అక్షరాలు. దొంగతనం చేయకుండా ఉండలేని మానసిక స్థితికి డాక్టర్లు వాడే మాట. పిల్లలకు ఈ పదం ముందే తెలిసి ఉంటే తప్ప తట్టదు. ఈ పద్ధతి హద్దు కూడా అదే: మనకు తెలిసిన పదాల దగ్గరే ఆగిపోతాం. అన్నీ దొరికాయా, ఇంకా పొడవైనది ఉందా అన్నది తెలియదు.

‘ఇంగ్’ లాగే ‘షన్’ కూడా బాగా పనికొస్తుంది. అక్షరాల్లో టీ, ఐ, ఓ, ఎన్ నాలుగూ కనిపిస్తే వాటిని చివరకు తోసేసి మిగిలిన వాటి గురించే ఆలోచించమనండి. సీ, టీ, ఓ, ఎన్, వీ, ఐ ఇచ్చి చూడండి. మిగిలేవి సీ, వీ మాత్రమే. కన్విక్షన్, యాక్టివేషన్, వ్యాక్సినేషన్ అన్నీ వస్తాయి. నెస్, మెంట్, ఏబుల్ అనే తోకలు, అన్, రీ, ఓవర్, ఇంటర్ అనే ముందు ముక్కలు పిల్లలకు ఆటలోనే అలవాటైపోతాయి. స్పెల్లింగు బట్టీ పట్టించడం కన్నా ఇది ఎంతో మేలని నేను గట్టిగా నమ్ముతాను. పదం ఏ ముక్కలతో కట్టిందో తెలిసిన పిల్లలు పరీక్షలో ఎదురైన కొత్త పదాన్ని చూసి టెన్షన్ పడరు.

అచ్చు డిక్షనరీ ఇక్కడ పెద్దగా సాయపడదు. అది మొదటి అక్షరం వరసలో ఉంటుంది, మనకు కావాల్సిన అక్షరాలేమో ఎక్కడైనా ఉండొచ్చు. దొరికిన పదానికి అర్థం చూడటానికి మాత్రం పక్కనే ఉంచుకోండి.

ఫోనులో అయితే వన్‌లుక్

ఇన్‌స్టాల్ చేసేదేమీ లేకుండా, డబ్బు కట్టకుండా, మన నాలుగో ప్రశ్నకే సూటిగా జవాబిచ్చేది వన్‌లుక్ అనే డిక్షనరీ వెతుకులాట సైటు. చాలామంది దాన్ని అర్థాల కోసమే వాడతారు. దాని వెతుకు గడిలో రెండు గీతలు // పెట్టి, వెంటనే మన అక్షరాలు కొట్టి, తర్వాత ఇంకెన్ని అక్షరాలు కలవొచ్చో అన్ని ప్రశ్నార్థకాలు పెట్టాలి. మన ఆరు అక్షరాల తర్వాత ??? పెడితే ఆ ఆరూ ఉన్న తొమ్మిది అక్షరాల పదాలు వెతుకుతుంది, పార్టేకింగ్ అందులో పడుతుంది. ????? పెడితే పదకొండు అక్షరాలవి, అంటే పెయిన్స్‌టేకింగ్, క్లెప్టోమేనియా. అక్షరాల మధ్య ఖాళీ వదలకూడదు.

పొడవు మనమే చెప్పాల్సి రావడం దీని ఇబ్బంది. ఎంత పొడవో తెలియనప్పుడు ఒక్కో ప్రశ్నార్థకం పెంచుకుంటూ పోవాలి. ఇంకోటి, అది ఎన్నో డిక్షనరీల నుంచి తెస్తుంది కాబట్టి ఊళ్ల పేర్లు, దేశాల పేర్లు, రెండు మూడు మాటల పదబంధాలు కూడా కలిసి వస్తాయి. మన ఆరు అక్షరాలకు ఎనిమిది అక్షరాల్లోనే పాకిస్తాన్ సరిపోతుంది, చూసుకోండి. పేర్లు చెల్లుతాయా లేదా అన్నది కూడా ఆటకు ముందే తేల్చుకోవాల్సిన విషయమే. స్క్రాబుల్‌లో చెల్లవు.

కారులో, బస్సులో, క్లాసు మధ్యలో వెంటనే ఒక జవాబు కావాలంటే నా ఓటు దీనికే.

స్క్రాబుల్ ఆడేవాళ్ల సంగతి కొంచెం వేరు

వాళ్లకు కావాల్సింది ఎంత పొడవైనా సరే అన్నట్టు ఉండదు. చేతిలో ఏడు బిళ్లలు, బోర్డు మీద ఒక అక్షరం, ఆ ఎనిమిదింటితో పదం. ఏడూ ఒకేసారి దించితే 50 పాయింట్లు అదనం కాబట్టి దీనికోసం తాపత్రయపడటం సహజమే. ఇక్కడ అన్‌స్క్రాంబ్లర్ సైట్లే బాగా పనికొస్తాయి, ఎందుకంటే వాటిలో ఖాళీ బిళ్లకు (ఏ అక్షరంగానైనా వాడుకోదగ్గ బిళ్ల) బదులు ఒక ప్రశ్నార్థకం పెట్టనిస్తారు. చేతిలో ఆర్, ఈ, టీ, ఏ, ఐ, ఎన్, ఎస్ ఉన్నాయనుకోండి. ఒక ఖాళీ కలిపి వెతికితే సీతో క్యానిస్టర్, జీతో యాంగ్రియెస్ట్, పీతో పెయింటర్స్, ఓతో నోటరీస్, ఎమ్‌తో మినరెట్స్, ఇంకో టీతో నైట్రేట్స్ వస్తాయి. ఎనిమిదో అక్షరం బోర్డు మీద ఏది దొరికితే దానికి తగిన పదం.

చాలా చోట్ల ఇలాంటి ఖాళీలు రెండు మూడుకు మించి పెట్టనివ్వరు. అందుకే నంబర్ ప్లేట్ల ఆటకు ఇవి చాలవు. పెయిన్స్‌టేకింగ్‌కు అయిదు ఖాళీలు కావాలి. ఆట నడుస్తుండగా ఫోను చూడటం ఎలాగూ తప్పే. ఆట అయిపోయాక ‘ఆ చేతితో ఏం పెట్టి ఉండొచ్చు’ అని చూసుకోవడానికి వాడితే మాత్రం ఆట నిజంగా మెరుగవుతుంది.

టీచర్లకు ఎక్సెల్

వారం వారం వర్క్‌షీట్లు ఇచ్చేవాళ్లు సైటు దగ్గరే ఆగిపోకూడదు. ఒక పదాల జాబితా ఫైలు దించుకుని ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో ఒక నిలువు వరసలో పెట్టుకుంటే ఏడాదంతా పనికొస్తుంది. ఎనేబుల్ అనే జాబితా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, అందులో దాదాపు 1,72,000 పదాలు ఉంటాయి, పేర్లు ఉండవు. ఎక్సెల్ ఒక షీటులో పది లక్షలకు పైగా అడ్డవరసలు పట్టిస్తుంది కాబట్టి చోటుకు లోటు లేదు. ల్యాప్‌టాప్ మీద చేయండి, ఫోనులో ఇంత ఫైలు తెరవడం కష్టం.

ఫిల్టర్ పెట్టి ‘కంటెయిన్స్’ ఎంచుకోవడం అందరికీ తెలిసిందే, కానీ ఆ కస్టమ్ ఫిల్టర్‌లో రెండు షరతులే పడతాయి. ఆరు అక్షరాలకు అది చాలదు. అందుకని పక్కన ఒక్కో అక్షరానికి ఒక్కో నిలువు వరస పెట్టుకోవడం మేలు. ఆ అక్షరం పదంలో ఎన్నిసార్లు ఉందో ఆ వరసలో రావాలి. లెక్క తేలిక: పదం మొత్తం పొడవులోంచి, ఆ అక్షరాన్ని పూర్తిగా తీసేశాక మిగిలే పొడవు తీసేయాలి. పొడవుకు లెన్, తీసేయడానికి సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్లు ఉన్నాయి. సబ్‌స్టిట్యూట్ పెద్దబడి, చిన్నబడి అక్షరాలను వేరుగా చూస్తుంది కాబట్టి జాబితా మొత్తాన్ని ముందే చిన్నబడిలోకి మార్చుకోండి. ఇక టీ వరసలో 2, అంతకన్నా ఎక్కువ ఉన్నవాటిని ఎంచుకుంటే ప్రాపర్టీ తప్పుకుంటుంది, హాస్పిటాలిటీ మిగులుతుంది. ఇంకో వరసలో పదం పొడవు పెట్టి దాని ప్రకారం సార్టు చేస్తే అన్నిటికన్నా పెద్ద పదం పైనే కనిపిస్తుంది. సైట్లలో తేలికగా దొరకని సదుపాయం ఇది.

కమాండ్లు అలవాటున్నవాళ్లకు

ఇంజినీరింగ్ పిల్లలకు ఇవేవీ అక్కర్లేదు, ఫైల్లోంచి మనం చెప్పిన అక్షరాలున్న లైన్లను ఏరిపెట్టే గ్రెప్ చాలు. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన ఈ ప్రోగ్రాము లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ముందే ఉంటుంది, ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే యాప్ వేసుకుంటే అక్కడా నడుస్తుంది. పీ ఉన్న పదాలను ఏరి, వాటిని పైపు గుర్తుతో (|) రెండో గ్రెప్‌కు పంపి కే ఉన్నవి ఏరి, వాటిలో టీ ఉన్నవి, అలా ఒక జల్లెడ కింద ఇంకో జల్లెడ పెట్టినట్టు దించుకుంటూ పోవాలి. రెండు ఏ-లు కావాలంటే ఒక ఏ, చుక్క, నక్షత్రం, మళ్లీ ఏ అని రాస్తే సరిపోతుంది. చుక్క, నక్షత్రం కలిస్తే ‘మధ్యలో ఏమున్నా, ఏమీ లేకపోయినా’ అని అర్థం. ఇదే పద్ధతిలో వేర్వేరు అక్షరాలన్నీ ఒకే నమూనాలో గుచ్చితే మాత్రం అది వరస తప్పకూడదన్న మూడో ప్రశ్నైపోతుంది, జవాబులు తగ్గిపోతాయి.

కంప్యూటర్లో ముందే ఉన్న పదాల ఫైలును నమ్మేముందు ఒకసారి ఆలోచించండి. మ్యాక్‌లో ఉండేది 1934 నాటి వెబ్‌స్టర్ పెద్ద డిక్షనరీ నుంచి వచ్చింది. ఇప్పుడెవరూ వాడని పదాలు దండిగా ఉంటాయి, బహువచన రూపాలు చాలావరకు ఉండవు. అక్కడ కనిపించలేదంటే పదం లేదని కాదు. ఇంట్లో స్క్రాబుల్ ఆడేవాళ్లైతే కాలిన్స్ జాబితాను ప్రమాణంగా పెట్టుకోండి. అమెరికా, కెనడాల బయట టోర్నమెంట్లలో ఎక్కువగా చెల్లేది అదే. కానీ దాదాపు 2,80,000 పదాలున్న ఆ జాబితాను ఆరో తరగతి పిల్లల ముందు పెట్టొద్దు. ఎవరూ పలకని, వినని పదాలు చూసి ఇంగ్లీషంటేనే భయం పుడుతుంది.

చాట్‌బాట్‌ను అడగొచ్చా?

అడగొచ్చు, కానీ చెప్పిన జాబితాను అలాగే పిల్లలకు ఇవ్వకూడదు. అవి రాతను మనలా అక్షరం అక్షరంగా చూడవు, టోకెన్లు అనే ముక్కలుగా విడగొట్టి చూస్తాయి. ఒక పదంలో ఫలానా అక్షరం ఎన్నిసార్లు ఉందన్న చిన్న ప్రశ్న దగ్గరే అవి తడబడిన సందర్భాలు చాలా ఉన్నాయి. మన ఆట అంతా అక్షరాల లెక్కే కదా. లేని అక్షరం ఉందని ధీమాగా చెప్పినా చెప్పొచ్చు. దాని చేత పదాలు చెప్పించడం కన్నా పైన చెప్పిన ఎక్సెల్ సూత్రమో, గ్రెప్ వరసో రాయించుకోవడం నయం. జాబితాలోంచి ఏరే పని ఆ సూత్రం చేస్తుంది, అక్షరాల లెక్క తప్పదు. దొరికిన పదానికి చిత్తూరు జిల్లా పిల్లలకు అర్థమయ్యే వాక్యాలు రాయమని అడగడానికి కూడా అది బాగానే పనికొస్తుంది.

వర్క్‌షీటులో ఏ అక్షరాలు ఇవ్వాలో తోచకపోతే మన స్టేషన్ కోడ్లు తీసుకోండి. చిత్తూరుది సీ-టీ-ఓ, మూడూ తరచుగా వచ్చే అక్షరాలే. డాక్టర్, ట్రాక్టర్, చాక్లెట్, చిన్న తరగతి పిల్లలు కూడా గబగబా చెప్పేస్తారు. గూడూరుది జీ-డీ-ఆర్, కొంచెం ఆలోచించాలి: గార్డెనర్, డాటర్, గ్రాండ్‌మదర్. కాట్పాడిది కే-పీ-డీ. అవీ మూడే అక్షరాలు, కానీ కే, పీ కలిశాయి కాబట్టి ఎనిమిదో తరగతి వాళ్లు కూడా ఆగి ఆలోచిస్తారు. కిడ్నాప్, అన్‌ప్యాక్డ్ దాకా తీసుకెళ్లి వదిలేయండి, మిగతావి వాళ్లే వెతుక్కుంటారు. టీ రెండుసార్లు ఉన్న టీ-పీ-టీ-వైని అన్నిటికన్నా చివర ఇవ్వండి.